‘నిరాకరించింది’ అని రాసింది నేనే

మార్చి 4, మంగళవారం

రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. క్లినిక్‌లో ఇంజెక్షన్ల గది గుమ్మంలోనే సంతకం పెట్టి తీసుకున్నాను. కిందటి సెప్టెంబరులో జరిగిన డోపింగ్ పరీక్ష మీద విచారణ ఉందట. ఏప్రిల్ పదహారున నేను సాక్షిగా రావాలట.

నడకపిల్ల కేసు.

పేరు రాయకూడదు. ఆదివారాలు ఈ పరీక్షల పనికి ఒప్పుకున్నప్పుడే చెప్పారు, క్రీడాకారుల పేర్లు ఎక్కడా రాసుకోకూడదని. డైరీ కూడా ఆ ‘ఎక్కడా’లోకి వస్తుందో రాదో తెలియదు. అందుకని నడకపిల్ల. ఆ రోజు నడక పందెంలో రెండోదిగా వచ్చింది. పదిహేడేళ్లు.

తను శాంపిల్ ఇవ్వలేదు. ఇవ్వలేదని నేను రాశాను. ఇందులో నా తప్పేం లేదు.

“సిస్టర్, సూది పట్టుకుని ఏం ఆలోచిస్తున్నారు? నాకు భయమేస్తోంది” అన్నాడు కుర్చీలో ఉన్నాయన. చొక్కా చెయ్యి మడిచి ఎంతసేపటి నుంచి కూర్చున్నాడో పాపం.

మార్చి 5, బుధవారం

క్రీడా సమాఖ్య తరఫు లాయరు ఫోన్ చేశాడు. గుర్తున్నది గుర్తున్నట్టు రాసి పెట్టుకోండి, ఎవరికీ చూపించకండి అన్నాడు. నాకు ఇది తప్ప వేరే చోటు లేదు. ఇందులోనే రాస్తున్నాను.

సెప్టెంబరు, ఆదివారం. పందెం పదకొండింటికి ముగిసింది. గీత దాటిన చోటే పిల్లని పట్టుకున్నాను. పట్టుకోవడమంటే చేత్తో కాదు. ‘మీరు పరీక్షకి ఎంపికయ్యారు’ అని చెప్పి, ఫారం మీద సంతకం తీసుకుని, శాంపిల్ ఇచ్చేదాకా కళ్ల ముందు నుంచి కదలకుండా చూసుకోవడం. అమ్మాయిలకి ఆడమనిషే ఉండాలి కాబట్టి నన్ను పెట్టుకున్నారు. మిగతాదంతా మా ఆఫీసరు చూసుకుంటాడు. టాయిలెట్ తలుపు దాకా ఆయన పని, లోపల నా పని.

మా గది గ్యాలరీ మెట్ల కింద ఉంది. పైన జనం లేచినప్పుడల్లా సున్నం రాలుతుంది. పిల్ల ఒంట్లో నీరంతా చెమటగా పోయింది. ఇరవై కిలోమీటర్లు నడిచింది మరి. ఆరు సీసాల నీళ్లు తాగింది. పన్నెండయింది, ఒంటిగంటయింది, రెండయింది. ఏమీ రాలేదు. కోచ్ వచ్చి, తోడుగా ఉన్నట్టు ఒక సంతకం పెట్టి, ఇంకో పందెం ఉందని వెళ్లిపోయాడు.

“మా పిన్ని గేటు దగ్గరుంది, పిలుస్తారా?” అంది పిల్ల.

ఆఫీసర్ని అడిగాను. “పాస్ లేనివాళ్లు లోపలికి రాకూడదు. కోచ్ సంతకం ఉందిగా, చాల్లే” అన్నాడు. పిల్లకి అదే చెప్పాను.

మూడింటికి టాయిలెట్‌లోకి వెళ్లాం. వస్తుందేమోనని కుళాయి తిప్పి ఉంచాను. ఎవరికైనా అలాగే చేస్తాం. శాంపిల్ ఆ మనిషిదేనని నేను కళ్లారా చూడాలి. అది నియమం. పిల్ల గోడకి ఆనుకుని నిలబడిపోయింది. “అటు తిరుగుతారా?” అంది. తిరగకూడదమ్మా అన్నాను. మెత్తగానే అన్నాను. ఇంకేదో అంది. కుళాయి చప్పుడులో సరిగా వినపడలేదు. ఆ తర్వాత ఖాళీ కప్పు నా చేతిలో పెట్టి బయటికి వచ్చేసింది.

“నిరాకరించింది అని రాయండి” అన్నాడు ఆఫీసరు. రాశాను. పిల్ల చదవకుండానే కింద సంతకం పెట్టింది.

అంతే జరిగింది.

మార్చి 9, ఆదివారం

ఆదివారాలు స్టేడియంలో ఫస్ట్ ఎయిడ్ చేస్తానని ఇన్నేళ్లూ అత్తయ్యకి చెప్పుకుంటూ వచ్చాను. ఇవాళ మా ఆయన నోరు జారారు. అత్తయ్య టీ గ్లాసు కింద పెట్టి నావైపు తిరిగింది.

“అంటే, ఆడపిల్ల ఒంటికి పోతుంటే నువ్వు ఎదురుగా నిలబడి చూస్తావా?”

“చూడాలి అత్తయ్యా. లేకపోతే వేరేవాళ్లది తెచ్చి పోస్తారు.”

“పోస్తారా?”

“పోస్తారట.”

“నువ్వెప్పుడన్నా చూశావా, అలా పోసినవాళ్లని?”

“లేదు.”

గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుంది. “నాకైతే నువ్వు కాదు, ఆ దేవుడొచ్చి నిలబడినా రాదు” అంది. ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

“ఇంతకీ ఆ పిల్ల ఏమంది?”

“ఏదో అంది. సరిగా వినపడలేదు.”

“నాకూ అంతే. నువ్వు మాత్రలు వేసుకోమన్నప్పుడు అస్సలు వినపడదు” అని కళ్లద్దాలు తుడుచుకుంది.

ఆయనది డ్రైవింగ్ స్కూలు కాబట్టి ఆయనకి అన్నీ రోడ్డు మీదే కనిపిస్తాయి. “ఎర్ర లైటు పడింది, నువ్వు ఆగావు. ఆగినందుకు వెనకవాడు వచ్చి గుద్దితే నీ తప్పా?” అన్నారు. నాకు ధైర్యం చెప్పడానికే అన్నారు. కానీ ఇందులో ఆగింది ఎవరు, గుద్దింది ఎవరు? ఎంత ఆలోచించినా బండి నడుపుతున్నది నేనే అవుతోంది.

మార్చి 14, శుక్రవారం

శాంపిల్ నిరాకరించినందుకు నిషేధం నాలుగేళ్లు. పదిహేడుకి నాలుగు కలిపితే ఇరవై ఒకటి. ఇరవై ఒకటి ఒక వయసా? నేను ఆ వయసుకి నర్సింగ్ కూడా పూర్తి చేయలేదు.

మార్చి 20, గురువారం

పిన్ని వచ్చింది. నడకపిల్ల పిన్ని.

క్లినిక్‌లో టోకెన్ తీసుకుని, వరసలో కూర్చుని, తన నంబరు పిలిచాక లోపలికి వచ్చింది. నేను అలవాటుగా చెయ్యి చాపమన్నాను. “నాకు జబ్బేం లేదమ్మా” అంది. స్కూలు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తుందట. మెడలో టేపు అలాగే ఉంది, తీయడం మర్చిపోయి వచ్చింది.

“మీతో నేను మాట్లాడకూడదండీ. నేను సాక్షిని.”

“తెలుసమ్మా. మా లాయరమ్మ కూడా వద్దంది. ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను. లోపల ఏం జరిగింది?”

“అంతా ఫారంలో ఉంది.”

“ఫారం నాకు చదివి వినిపించారు. అందులో మా పిల్ల లేదు.” ఏడవలేదు, గొంతు పెంచలేదు. “ఆ రోజు గేటు దగ్గరికి వచ్చి నా నడుం పట్టుకుని వదల్లేదు. ఏమైందే అంటే మాట్లాడదు. ఆరు నెలలయింది. అడిగితే అన్నం వదిలేసి లేచిపోతుంది. ఆ గదిలో మీరిద్దరే ఉన్నారు. తను చెప్పదు. ఇంక మిమ్మల్ని కాక ఎవర్ని అడగను?”

నేను పత్తి డబ్బా సర్దాను. సర్ది ఉన్న డబ్బానే.

మామూలు కోర్టుకి వెళ్దామని చూశారట. వీల్లేదన్నారట. పిల్లకి పద్నాలుగేళ్లప్పుడు నింపిన పోటీ ఫారంలో ఉందట, ఏ గొడవ వచ్చినా సమాఖ్య దగ్గరా, ఆ పైన అంతర్జాతీయ ప్యానెల్ దగ్గరా తప్ప ఇంకెక్కడా తేల్చుకోనని. “అది పెట్టిన సంతకం పక్కనే నేనూ పెట్టానమ్మా. బస్సు వెళ్లిపోతోందని నిలబడే పెట్టాను. అంత చిన్న అక్షరాల్లో అంత పెద్ద సంగతి ఉంటుందని ఎవరికి తెలుసు?”

బయట నుంచి తర్వాతి టోకెన్ ఆయన తొంగి చూశాడు. పిన్ని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, “అది దొంగతనం చేసే పిల్ల కాదమ్మా” అంది.

దొంగతనం అని నేనెక్కడా రాయలేదు.

మార్చి 21, శుక్రవారం

ఐదో తేదీన రాసింది మళ్లీ చదివాను. ‘సరిగా వినపడలేదు’ అని ఉంది. వినపడకపోతే వినపడలేదనే రాయొచ్చు కదా. మధ్యలో ఆ ‘సరిగా’ ఎందుకు రాశాను?

మార్చి 27, గురువారం

నియమాల పుస్తకం ఆరేళ్లుగా నా బ్యాగులోనే ఉంది. అట్ట నలిగింది కానీ లోపల కొత్తగానే ఉంది. మైనర్ల పేజీ తీశాను.

పద్దెనిమిది నిండనివాళ్లకి తోడుగా వాళ్ల మనిషిని ఉంచుకునే హక్కు ఉంది. ఆ సంగతి మనమే ముందుగా చెప్పాలి. టాయిలెట్‌లో ఆ తోడు మనిషి పిల్ల వైపు చూడనక్కర్లేదు, పరీక్షించే మనిషి ఎలా నడుచుకుంటోందో చూస్తే చాలు.

అంటే, నేను పిల్లని చూస్తుంటే నన్ను చూసే మనిషి ఒకరు ఉండాలి.

ఫారంలో ‘హక్కులు వివరించాం’ అని ఒక గడి ఉంటుంది. దానికి టిక్కు నేనే పెడతాను. పొద్దున్నే, ఎవరూ రాకముందే, అన్ని ఫారాలకీ వరసగా పెట్టేస్తాను, తర్వాత పని తేలికవుతుందని.

సాయంత్రం ఆఫీసరు క్లినిక్‌కి వచ్చాడు. బీపీ చూడమని చెయ్యి చాపాడు. నూట అరవై ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. నాకు ఈ పని ఇప్పించింది కూడా ఆయనే.

“మనిద్దరి మాటా ఒకటిగా ఉండాలి సిస్టర్.”

“ఆ అమ్మాయి పిన్నిని పిలవమంది కదా సార్.”

“పిలవమంది. పాస్ లేదు. మనం కనిపెట్టిన పాసా అది? ఈ ఒక్క కేసు పోయిందంటే రేపటి నుంచి మందులు వాడిన ప్రతివాడూ పిన్నిని పిలవమంటాడు. నిజంగా కష్టపడి గెలిచే పిల్లల గతేంటి?”

అదీ నిజమే. మందులు వాడినవాళ్ల పక్కన పరిగెత్తి ఓడిపోయే పిల్లలకి ఎవరు దిక్కు? ఆయన మాట్లాడుతుంటే ఆయన చెప్పింది సబబనిపించింది. వెళ్లిపోయాక పుస్తకం తెరిచాను, అందులోదీ సబబే అనిపించింది. నాకు ఏ రోజు ఎవరు ఎదురుగా ఉంటే వాళ్ల మాటే నిజంగా ఉంటుంది కాబోలు.

ఏప్రిల్ 2, బుధవారం

రాసేస్తాను.

కుళాయి సన్నగానే పడుతోంది. పిల్ల గోడకి ఆనుకుని, నావైపు కాదు, గచ్చు వైపు చూస్తూ అంది. “ట్రైనింగ్ క్యాంపులో బాత్రూమ్ తలుపుకి గడియ లేదు. మసాజ్ సార్ ఇలాగే నిలబడి చూసేవాడు.”

రెండు వాక్యాలు. ప్రతి అక్షరం వినపడింది.

నేనేమన్నాను? “తొందరగా కానివ్వమ్మా, బయట సార్ చూస్తున్నారు” అన్నాను.

ఏప్రిల్ 3, గురువారం

బయట సార్ చూస్తున్నారు అంటే, ఎదురుచూస్తున్నారు అని. నేను అన్నది ఆ అర్థంలో. ఆ పిల్లకి ఎలా వినపడిందో.

ఏప్రిల్ 6, ఆదివారం

లాయరు కాగితాలు పంపాడు. పైన కిందటి నెల నేను రాసిచ్చిన వాంగ్మూలం, అందులోనూ ‘సరిగా వినపడలేదు’ అనే ఉంది. పిల్ల అప్పీలు నాలుగు పేజీలుంది. పిన్నిని రానివ్వలేదని ఉంది. హక్కు సంగతి చెప్పలేదని ఉంది. సిగ్గుపడిందని ఉంది. క్యాంపు గురించి ఒక్క ముక్క లేదు. రెండుసార్లు చదివాను. లేదు.

అంటే తను లాయరుకి కూడా చెప్పలేదు. పిన్నికి చెప్పలేదు. ఈ లోకంలో ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

నేను చెబితే నిషేధం పోవచ్చు. కానీ తను దాచుకున్నది నా నోటితో పదిమందిలో పడుతుంది. చెప్పకపోతే తన మాట తన దగ్గరే ఉంటుంది, కాళ్లు మాత్రం కట్టేసి ఉంటాయి. ఏది తన హక్కు? నడవడమా, దాచుకోవడమా? పుస్తకంలో దీనికి పేజీ లేదు.

తననే అడగాలి. అడగకూడదు, సాక్షిని. ఒక ఉత్తరం రాసి చింపేశాను.

ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే వెళ్లి అంతా చెప్పాను. కాలర్ మీదే ఇస్త్రీ పెట్టె తిప్పుతూ ఉన్నారు. చివరికి, “అడిగితే చెప్పు. అడక్కపోతే ఊరుకో” అన్నారు.

“అడిగితే మాత్రం నాది కాని మాట నేనెలా చెప్పను?”

“మరి ఎర్ర లైటు...” అని మొదలుపెట్టి ఆపేశారు. చొక్కా కాలర్ మాడింది.

ఏప్రిల్ 15, మంగళవారం

లాయరు ఫోన్‌లో వల్లె వేయించాడు. అడిగినంతే చెప్పాలి. అవును, కాదు. “పిల్ల ఏమైనా అందా అని అవతలి లాయరు అడగొచ్చు మేడమ్. ‘సరిగా వినపడలేదు’ అంటే అబద్ధమేం కాదు. ‘గుర్తులేదు’ అంటే ఇంకా మంచిది. ఏడు నెలలైంది కదా.”

ఏడు నెలలైంది. నిజమే.

ఏప్రిల్ 17, గురువారం

నిన్నటిది పొద్దున్నే రాస్తున్నాను. క్లినిక్‌కి సెలవు పెట్టాను. అత్తయ్య టీ పెట్టి తెచ్చింది, పంచదార వేయడం మర్చిపోయింది. నేనూ తాగేదాకా గమనించలేదు.

విచారణ ఒక ఆఫీసు భవనం రెండో అంతస్తులో. పొడుగు బల్ల. ప్యానెల్‌లో ముగ్గురూ మూడు దేశాలవాళ్లు. మధ్యలో ఒక పెద్దాయన, ఒక పక్క మాజీ ఈతగాడు, ఇంకో పక్క డాక్టరమ్మ. మా మాటలు వాళ్ల భాషలోకి మార్చడానికి ఒకావిడ. నేను రెండు ముక్కలు చెబితే ఆవిడ అరనిమిషం చెబుతుంది. నా మాట నాకంటే పొడుగ్గా వెళుతోంది, అక్కడికి ఏమై చేరుతోందో తెలియదు.

పిల్ల ఎదురుగా కూర్చుంది. జుట్టు కత్తిరించేసుకుంది, మొదట గుర్తుపట్టలేదు. పక్కన పిన్ని. ఇటు వైపు ఆఫీసరు, కోచ్, మా లాయరు.

పిల్ల లాయరమ్మకి జలుబు. ముక్కు తుడుచుకుంటూనే అడిగింది.

“మైనరుకి తోడు ఉంచుకునే హక్కు ఉందని చెప్పారా?”

“లేదు.”

“ఫారంలో టిక్కు ఉంది.”

“పొద్దున్నే పెట్టేశాను. అన్నిటికీ కలిపి.”

ఆఫీసరు కుర్చీ చప్పుడయింది.

“పిన్నిని పిలవమని అడిగిందా?”

“అడిగింది.”

“మీరు ‘నిరాకరించింది’ అని రాశారు. ‘ఇవ్వను’ అని తను అందా?”

“అనలేదు. అటు తిరగమంది.” భాష మార్చి చెప్పే ఆవిడ నా మాట మళ్లీ అడిగి, అప్పుడు చెప్పింది. పెద్దాయన ఏదో రాసుకున్నాడు.

“ఇంకేమైనా అందా?”

మా లాయరు నావైపే చూస్తున్నాడు. నేను పిల్ల వైపు చూశాను. తల అడ్డంగా ఊపిందని అనిపించింది. ఊపిందో, జుట్టు సర్దుకుందో. ఇప్పటికీ తెలియదు.

“అంది” అన్నాను.

“ఏమంది?”

“చెప్పను. తను ఒప్పుకుంటే తప్ప చెప్పను. ఆ మాట తనది. అది విన్నాక నేను పరీక్ష ఆపేయాల్సింది. ఆపలేదు. తొందరపెట్టాను. మొదట ఇచ్చిన కాగితంలో వినపడలేదని రాశాను, అది అబద్ధం.”

పొద్దున ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఇలా అనాలని అనుకోలేదు. ఏమనాలనీ అనుకోలేదు.

గదిలో అందరూ ఒకేసారి మాట్లాడారు. సాక్షి జవాబు చెప్పి తీరాలని పెద్దాయన అన్నాడట. నేను ఊరుకున్నాను. డాక్టరమ్మ ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆ తర్వాత అందరూ పిల్ల వైపు తిరిగారు. అందరూ. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. మాట నా నోట్లోంచి రాలేదు కానీ, అది ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించాను.

పిల్ల తల ఎత్తింది. “నేనే చెప్తాను. కోచ్ సార్ బయటికి వెళ్లాలి. ఆ ఆఫీసరు కూడా. ఈ నర్సు మేడమ్ కూడా.” బల్ల వైపు చూస్తూ, “పిన్ని కూడా” అంది.

పిన్ని లేచిన తీరు చూడలేకపోయాను.

వరండాలో ఒకే బెంచీ ఉంది. కోచ్, ఆఫీసరు మెట్లు దిగి కిందికి వెళ్లిపోయారు. మేమిద్దరం ఆ చివరా ఈ చివరా కూర్చున్నాం.

“మీకు తెలుసు” అంది పిన్ని.

నేను బ్యాగు ఒళ్లోకి తీసుకున్నాను.

“మా అక్క పోయేటప్పటికి దానికి నాలుగేళ్లు. పళ్లు ఊడినప్పటి నుంచి అన్నీ నాకే చెప్పింది. ఇది మాత్రం మీకు చెప్పింది.”

“మీరు బాధపడతారని చెప్పి ఉండదు. ముక్కూ మొహం తెలియని మనిషికైతే చెప్పడం తేలిక.”

అది నిజమో, అప్పటికి తోచిందో. పిన్ని తల ఊపింది. “క్యాంపు నుంచి వచ్చాక తలుపు గడియ రెండుసార్లు చూసుకునేది” అంది. నన్ను చూసి కాదు. తనలో తను ఒక్కొక్కటీ కలుపుకుంటోంది. నేను పక్కన కూర్చుని అది జరుగుతుంటే చూశాను.

నలభై నిమిషాల తర్వాత నన్నొక్కదాన్నే పిలిచారు. పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ నిటారుగా కూర్చుంది. పెద్దాయన కాగితంలోంచి రెండు వాక్యాలు చదివించాడు. ఆ రోజు విన్నది ఇదేనా అని అడిగారు.

“ఇదే” అన్నాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

పరీక్షలు చేసేవాళ్ల జాబితాలోంచి నా పేరు తీసేశారు. రెండు లైన్ల ఉత్తరం. ఆఫీసరు ఫోన్ ఎత్తడం లేదు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాడో లేదో.

మే 19, సోమవారం

తీర్పు వచ్చింది. ముప్పై ఒక్క పేజీలు. మైనరుకి ఉన్న హక్కు చెప్పలేదు, అడిగిన తోడు ఇవ్వలేదు, కాబట్టి ‘నిరాకరణ’ అన్నది నిలవదు. నిషేధం రద్దు.

ఆయన చదివి, “గెలిచావు” అన్నారు. నేను కేసు వేయలేదు కదా, గెలవడానికి. పదిహేడో పేజీలో నా గురించి ఉంది. ‘ఈ సాక్షి మొదటి వాంగ్మూలం నమ్మదగినది కాదు.’ నిజమే రాశారు. అయినా ఆ ఒక్క లైనే పదిసార్లు చదివాను.

ఇరవై నాలుగో పేజీలో క్యాంపు సంగతి. అది ఈ ప్యానెల్ పరిధిలోకి రాదట. సమాఖ్య క్రమశిక్షణ కమిటీకి పంపుతున్నారట. ఆ కమిటీలో కోచ్ ఉన్నాడు.

తనకి పద్దెనిమిది వచ్చేశాయి. జూనియర్ల ప్రపంచ పోటీ ఆ మధ్యలోనే అయిపోయింది. దాని గురించి ముప్పై ఒక్క పేజీల్లో ఎక్కడా లేదు.

“ఇంతకీ ఆ పిల్లకి మంచి జరిగిందా, చెడు జరిగిందా?” అని అత్తయ్య అడిగింది.

తెలియదన్నాను. అప్పుడు ‘వినపడలేదు’ అన్నట్టు కాదు, నిజంగానే తెలియదు.

జూన్ 7, శనివారం

నడకపిల్ల ఫోన్ చేసింది. రేపు పొద్దున ఆరింటికి ఆట మైదానం దగ్గరికి రాగలరా అంది. వస్తానన్నాను. ఎందుకని అడగలేదు.

జూన్ 8, ఆదివారం

ఆరుకి పది నిమిషాలు ముందే వెళ్లాను. మైదానం చుట్టూ నడిచేవాళ్ల కోసం వేసిన దారి మీద తను అప్పటికే నడుస్తోంది. నా దగ్గరికి వచ్చి ఆగలేదు.

“ఆగితే కండరాలు పట్టేస్తాయి. నడుస్తూ మాట్లాడదాం.”

తను నడుస్తోంది, నేను పరిగెత్తాలి. నలభై ఆరేళ్లు, చీర, చెప్పులు. పొద్దున్నే వాకింగ్‌కి వచ్చిన పెద్దమనుషులు ఆగి చూశారు.

“ఆ రోజు ‘చెప్పను’ అన్నారు. ఎందుకన్నారు?” అంది.

“అది నీ మాట... కదా.”

“అలా అనడం వల్లే అందరూ నావైపు తిరిగారు. ఏం అనలేదు అని చెప్పుంటే నేను ఇంటికి పోయేదాన్ని.”

“నిషేధంతో.”

“అవును, నిషేధంతో. పిన్ని ఇప్పుడు రాత్రిళ్లు కుట్టుమిషన్ ముందు ఊరికే కూర్చుంటోంది. ఏమీ కుట్టదు.” అడుగు వేగం తగ్గలేదు. “మీరలా అనకపోతే నేను ఇప్పుడిలా నడిచేదాన్ని కాదు. రెండూ నిజమే. నాకేం తెలియట్లేదు.”

“నామీద కోపంగా ఉందా?”

“కొన్ని రోజులు ఉంటుంది. కొన్ని రోజులు ఉండదు.”

ఇవాళ ఏ రోజో అడగడానికి నాకు ఊపిరి చాలలేదు.

కమిటీ కోసం చూడటం లేదట. లాయరమ్మతో కలిసి పోలీసులకి ఫిర్యాదు ఇచ్చిందట. క్యాంపులో ఉన్న ఇంకో ఇద్దరు అమ్మాయిలు కూడా వస్తామన్నారట. ఈ గొడవేదీ లేనప్పుడే తను ఆ సంగతి ఒకరికి చెప్పిందని చూపించాలి. ఆ ఒక్కరూ నేనే.

“వస్తాను. ఏం చెప్పమంటే అది...”

“నేను చెప్పమన్నది కాదు. జరిగింది. మీరు నన్ను తొందరగా కానివ్వమన్నారు చూడండి, అది కూడా చెప్పాలి.”

“చెప్తాను.”

“బయట సార్ చూస్తున్నారు అన్నారు. అదీ.”

“అదీ చెప్తాను” అన్నాను. అలా అన్న అర్థం వేరని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

తను తల ఊపి వేగం పెంచింది. నేను ఆగిపోయి, డొక్క పట్టుకుని అక్కడున్న సిమెంటు బల్ల మీద కూలబడ్డాను. ఆ నడుం తిప్పుడు, నేలని వదలని ఆ పాదాలు. పందెం రోజు నేను గీత దగ్గర ఫారం పట్టుకుని నిలబడ్డాను కానీ, తను నడవడం చూడలేదు. ఇవాళే చూశాను.

ఒక చుట్టు తిరిగి వచ్చి, నా ముందు నుంచి పోతూ, “పదకొండో తేదీ, పదింటికి” అని అరిచింది.

ఇంకో చుట్టుకి, “గుర్తింపు కార్డు తెచ్చుకోండి” అంది.

మూడో చుట్టులో ఏమీ అనలేదు. నావైపు చూడలేదు కూడా. వెళ్లిపోవాలో ఉండాలో తెలియలేదు. కాసేపు అలాగే కూర్చున్నాను. తను మలుపు తిరిగి మళ్లీ కనిపించింది.